ముఖానికి రాసే క్రీము చర్మంలో ఎంతదాకా వెళ్తుంది?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీకు 26 ఏళ్లు, నాలుగు నెలల్లో పెళ్లి. బుగ్గల మీద మొటిమల మచ్చలున్నాయంటే మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లోనే ముఖం తెల్లగా, నున్నగా అయింది. అప్పటినుంచి ఆరు నెలలుగా అదే రాస్తున్నారు. ఇప్పుడు ఒక్క రాత్రి మానేసినా ముఖం ఎర్రబడి మండుతోంది, ఎండలోకి వెళ్తే భరించలేకపోతున్నారు, బుగ్గల మీద సన్నటి ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి. దానికితోడు వీడియోలు చూసి విటమిన్ సి సీరమ్, కొలాజెన్ క్రీము, వాల్‌నట్ స్క్రబ్, రాత్రిపూట యాసిడ్ టోనర్ కూడా మొదలుపెట్టారు. "చర్మం లోపలి నుంచి బాగుపడాలంటే ఇంకా ఏం రాయాలి?" అని అడిగారు.

సూటిగా జవాబు: ఇంకేమీ రాయొద్దు. రాస్తున్నవాటిలో కూడా చాలావరకు తీసేయండి. ఘాటు లేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగటిపూట సన్‌స్క్రీన్. ప్రస్తుతానికి ఈ మూడు చాలు. సీరమ్, స్క్రబ్, టోనర్, కొలాజెన్ క్రీము ఈ రోజే పక్కన పెట్టండి. ఆ ట్యూబు సంగతి మాత్రం వేరు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అందులో స్టెరాయిడ్ ఉందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. నెలల తరబడి వాడిన దాన్ని ఇంట్లో కూర్చుని మీ అంతట మీరు ఆపితే ముఖం భగ్గుమంటుంది, తట్టుకోలేక మళ్లీ అదే రాస్తారు. ట్యూబు చేత్తో పట్టుకుని ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టర్ని కలవండి. పార్లర్‌కో, "స్కిన్ కేర్ సెంటర్" బోర్డు పెట్టుకున్న చోటికో కాదు, చర్మవ్యాధుల్లో ఎండీ గానీ డీడీవీఎల్ లాంటి డిప్లొమా గానీ ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నేను గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్లుగా చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. పెళ్లిళ్ల సీజన్ ముందు మీలాంటివాళ్లు వరసగా వస్తారు. అమ్మాయిలే కాదు, పెళ్లికొడుకులు కూడా. "లోపలి నుంచి బాగుపడటం" అన్న మాట దగ్గరే అందరూ ఇరుక్కుంటారు కాబట్టి, చర్మం ఎలా కట్టి ఉందో కాస్త వివరంగా చెబుతాను.

చర్మంలో ప్రధానంగా రెండు పొరలు, వాటి కింద కొవ్వు. పైది బాహ్యచర్మం. కనురెప్పల మీద దీని మందం మిల్లీమీటరులో 20వ వంతు, అరికాళ్ల కింద ఒకటిన్నర మిల్లీమీటర్లదాకా ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు. అందుకే పైపైన గీసుకుపోతే రక్తం రాదు. అట్టడుగున కొత్త కణాలు పుడతాయి, మెల్లగా పైకి జరుగుతూ చదునుగా మారి, చచ్చిపోయి, పొట్టులా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి ఏ క్రీమైనా మూడు రోజుల్లో ముఖాన్ని మార్చేసిందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. చర్మం మీద తేమ పెరిగి వెలుతురు బాగా పరావర్తనం చెంది ఉండాలి, లేదంటే అందులో మందు ఉండాలి.

ఈ బాహ్యచర్మంలో అన్నిటికన్నా పైన ఉన్న చచ్చిన కణాల పొరే అసలు కథానాయకుడు. దాని మందం మిల్లీమీటరులో నూరోవంతు, మహా అయితే యాభయ్యోవంతు. ఇటుక గోడలా ఉంటుందది. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన పదార్థం సున్నం. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి మురికీ క్రిములూ రసాయనాలూ లోపలికి రాకుండా ఆపేది ఇదే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దీని ఉపరితలం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది (పీహెచ్ 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9 నుంచి 10. రోజుకు నాలుగైదుసార్లు సబ్బుతో ముఖం కడిగేవాళ్లకు చర్మం ఎందుకు లాగినట్టు ఉంటుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

దాని కింద అంతశ్చర్మం. చర్మానికి గట్టిదనమిచ్చే కొలాజెన్ పోగులు, సాగే గుణమిచ్చే ఎలాస్టిన్, రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు, వాటికి అతుక్కుని నూనె గ్రంథులు అన్నీ అక్కడే ఉన్నాయి. ముడతలు, మొటిమల గుంటలు, మీ బుగ్గల మీద కనిపిస్తున్న ఎర్ర గీతలు కూడా ఈ పొర సంగతులే.

ఇప్పుడు మీ కొలాజెన్ క్రీము దగ్గరికి వద్దాం. చర్మం దాటి లోపలికి వెళ్లాలంటే అణువు చిన్నదై ఉండాలి. 500 డాల్టన్ల (అణువు బరువును కొలిచే ప్రమాణం) కన్నా పెద్దవి మామూలు చర్మంలోంచి దూరడం చాలా కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు నెదర్లాండ్స్ డాక్టర్లు రాశారు. ఇప్పటికీ మందులు తయారుచేసేవాళ్లు ఈ లెక్కను గుర్తుంచుకుంటారు. కొలాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు. అది మీ చర్మంలోకి వెళ్లి అక్కడి కొలాజెన్‌లో కలవడమన్నది జరగదు. పైన కూర్చుని కాస్త తేమ పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పని గ్లిజరిన్ ఇంకా చవగ్గా చేస్తుంది. విటమిన్ సి చిన్నదే కానీ, అది లోపలికి దిగాలంటే ద్రావణం బాగా ఆమ్లంగా, పీహెచ్ 3.5 కన్నా తక్కువగా ఉండాలి. దెబ్బతిన్న మీ చర్మం మీద అది మండక ఏం చేస్తుంది?

మరి నిజంగా లోపలికి వెళ్లేవి ఏవి? హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 362 డాల్టన్లు, మొటిమలకు రాసే ట్రెటినోయిన్ 300. అంటే మందులు. చర్మం లోపలికి వెళ్లి దాన్ని మార్చగలిగేది ఏదైనా మందే. దాన్ని మందులాగే, మోతాదుతో, గడువుతో వాడాలి. మిగతావన్నీ గోడ పైన పనిచేసేవి. అవి గోడను కాపాడుతున్నాయా, గీకుతున్నాయా అన్నది చూసుకోవాలి.

ఇంకో విషయం. గోడ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ పూసి శరీరంలోకి ఎంత చేరుతుందో కొలిచారు. ముంజేతి లోపలివైపుతో పోలిస్తే నుదుటి నుంచి 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు, పురుషుల వృషణాల సంచి మీద నుంచి 42 రెట్లు ఎక్కువ చేరింది. అరిచేతికి రాస్తే ఏమీ చేయని స్టెరాయిడ్ క్రీము ముఖం మీద, గజ్జల్లో ఎందుకు అంత నాశనం చేస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

స్టెరాయిడ్ మొదట్లో అద్భుతంగా ఎందుకు అనిపిస్తుందంటే, అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపును అణిచేస్తుంది, రంగు తయారీని తగ్గిస్తుంది. ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. వారాలు, నెలలు గడిచేకొద్దీ అంతశ్చర్మంలో కొలాజెన్ తయారీ తగ్గిపోయి చర్మం పల్చబడుతుంది. కింది రక్తనాళాలు సాగిపోయి బయటికి కనిపిస్తాయి. మొటిమల్లాంటి పొక్కులు ఒకేసారి లేస్తాయి, కొందరికి బుగ్గల మీద నూగు పెరుగుతుంది. ఆపగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, మంట మొదలవుతుంది. రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. "నా చర్మానికి ఈ క్రీము పడింది, వేరేది పడట్లేదు" అని నాతో వాదించినవాళ్లు ఎంతమందో.

మందుగా స్టెరాయిడ్ చెడ్డది కాదు, అది కూడా చెప్పాలి. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు, బొల్లికి నేను రోజూ రాస్తాను. ఎక్కడ, ఎంత బలమైనది, ఎన్ని రోజులు అన్నది లెక్క. గొడవంతా ఎవరు పడితే వాళ్లు ఇవ్వడంతోనే. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "తెల్లబడే క్రీము ఇవ్వండి" అంటే కౌంటర్ మీదకు వచ్చేస్తూనే ఉంది.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోండి. పేరు చివర "సోన్", "సోల్", "లోన్" ఉంటే చాలావరకు స్టెరాయిడ్: మోమెటసోన్, బెటామెథసోన్, క్లోబెటసోల్, ట్రయామ్సినొలోన్. చివర "జోల్" ఉంటే ఎక్కువగా ఫంగస్ మందు: కీటోకొనజోల్, లులికొనజోల్. ఇది చిట్కా మాత్రమే, అన్ని పేర్లకూ వర్తించదు. హైడ్రోక్వినోన్ పేరు వినడానికి అలాగే ఉన్నా స్టెరాయిడ్ కాదు, రంగు తగ్గించే మందు. కానీ మచ్చలకని అమ్మే చాలా ట్యూబుల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటసోన్ మూడూ కలిపి ఉంటాయి. మంగుకు మేం కూడా కొద్ది వారాలపాటు వాడించే కలయికే అది. నెలల తరబడి ఫెయిర్‌నెస్ క్రీములా రాసుకోవడానికి ఉద్దేశించింది కాదు.

ట్యూబు మీద మందుల పేర్లే లేకుండా, విదేశీ క్రీమని డబ్బాల్లో వచ్చేవి ఇంకా ప్రమాదం. కొన్నిటిలో పాదరసం ఉంటుంది. కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు మూత్రంలో ప్రొటీన్ పోయి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో బయటపడ్డాయి. ముఖానికి రాసింది మూత్రపిండాలదాకా వెళ్లింది.

తామర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అదే ట్యూబుల పుణ్యం. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, బలమైన స్టెరాయిడ్ కలిపిన క్రీము రాస్తే దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, తామర మాత్రం చాప కింద నీరులా పాకుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి, చూస్తే తామరని గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో ఒకే ట్యూబు తండ్రి గజ్జల్లో తామరకు, తల్లి ముఖం మీద మంగుకు, పిల్లవాడి చేతి మీద దద్దుకు వాడుతున్నారు. ముగ్గురివీ మూడు వేరువేరు జబ్బులు. తండ్రికి తామర తొడలనిండా పాకింది, తల్లి బుగ్గలు మీ ముఖంలాగే ఉన్నాయి. పిల్లవాడికి వచ్చింది గజ్జి, అది ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం చేస్తే గానీ పోదు.

ఇక రంగు. మెలనిన్ తయారుచేసే కణాలు బాహ్యచర్మం అడుగు వరసలో ఉంటాయి. తెల్లటివాళ్లకూ, చామనఛాయవాళ్లకూ వాటి సంఖ్య దాదాపు సమానమే. తయారయ్యే రేణువుల పరిమాణంలో, రకంలో, అవి ఎంతసేపు నిలుస్తాయన్నదానిలో తేడా. ఆ రేణువులు పక్క కణాల్లోకి చేరి కేంద్రకం మీద కమ్ముకుని, ఎండ దాన్ని పాడుచేయకుండా అడ్డుకుంటాయి. మన ఎండలకు అది మన శరీరం చేసుకున్న ఏర్పాటు. దీని ఇంకో వైపేమిటంటే, మన చర్మానికి ఏ చిన్న గాయమైనా, మంటైనా, రాపిడైనా నల్లమచ్చగా మిగులుతుంది. మీ మొటిమల మచ్చలు అవే. స్క్రబ్‌తో రుద్దితే మచ్చ పోతుందనుకుంటారు, రుద్దడమే కొత్త మచ్చకు కారణమవుతుంది. నైలాన్ పీచుతో వీపు రుద్దుకునేవాళ్లకు భుజాల మీద, వీపు పైభాగాన నల్లటి మచ్చలు రావడం నేను తరచూ చూస్తాను. పీచు ఆపకుండా ఏ క్రీము ఇచ్చినా దండగే. బొట్టుబిళ్ల జిగురులోని ఒక రసాయనం వల్ల కొందరికి నుదుటి మీద తెల్లమచ్చ వస్తుంది. తలకు వేసే నల్ల రంగు పడక నుదురు, చెవుల పక్క నల్లబడేవాళ్లూ ఉన్నారు. మెడ వెనక, చంకల్లో మందంగా, వెల్వెట్‌లా నల్లబడితే అది మురికి కాదు, రుద్దకండి. బరువు, షుగర్ పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు ఆ మూడింటి గురించి.

కడగడం: పొద్దున, రాత్రి. నురగ ఎక్కువ వస్తే బాగా శుభ్రమవుతుందన్నది భ్రమ. కడిగాక చర్మం బిగుసుకున్నట్టు ఉంటే అది మీకు పనికిరాదు. సున్నిపిండి ఆరోగ్యంగా ఉన్న ఒంటికి, అదీ మెత్తగా విసిరితే ఇబ్బందిలేదు, నేనూ వాడతాను. ఇప్పటి మీ ముఖానికి వద్దు. నిమ్మరసం ఎప్పుడూ వద్దు, దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. వంటసోడా, టూత్‌పేస్టు కూడా వద్దు.

మాయిశ్చరైజర్: కడిగిన వెంటనే, ముఖం ఇంకా కాస్త తడిగా ఉండగానే రాయండి. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ ఆవిరైపోకుండా మూసి ఉంచుతుంది, సెరమైడ్లు ఉన్నవి గోడ మరమ్మతుకు పనికొస్తాయి. ధర చూసి మోసపోకండి. పెట్రోలియం జెల్లీని మించి తేమ ఆపే వస్తువు దాదాపు లేదు, కాకపోతే మన ఎండాకాలంలో ముఖానికి జిడ్డుగా ఉంటుంది. కొబ్బరినూనె కాళ్లకు, చేతులకు మంచిదే. మొటిమలొచ్చే ముఖానికి మాత్రం రాయొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

సన్‌స్క్రీన్: ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాల్లో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతాన్ని. తేడా అంతే. కానీ అది సరిపడా రాస్తేనే. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత తీసుకుని ముఖమంతా పులిమితే డబ్బా మీది అంకెకు అర్థం లేదు. యూవీఏ కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి కాబట్టి కారులో, కిటికీ పక్కన కూర్చునేవాళ్లకూ కావాలి. బయట తిరిగే రోజైతే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ మేలు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది మరి. మండుతున్న చర్మానికి జింక్ ఆక్సైడ్ రకం సాధారణంగా బాగా పడుతుంది. స్కార్ఫ్, గొడుగు వీటికి పోటీ కాదు, తోడు.

మీకు ఎంత కాలం పడుతుంది? డాక్టరు బలమైన స్టెరాయిడ్ నుంచి తేలికైన దానికి దించవచ్చు, లేదా స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటిది ఇవ్వవచ్చు, మంట ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు మాత్రలూ ఇస్తారు. మొదటి కొన్ని వారాలు అద్దంలో చూసుకుంటే ఏడుపొస్తుంది, ముందే చెబుతున్నాను. టెన్షన్ పడి మళ్లీ ఆ ట్యూబు తీయకండి. నాలుగు నెలలు టైమ్ ఉంది కాబట్టి పెళ్లినాటికి ఎరుపు, మంట బాగా తగ్గే అవకాశం ఎక్కువే. కనిపిస్తున్న రక్తనాళాలు అన్నీ పోకపోవచ్చు, మిగిలినవాటికి తర్వాత లేజర్ ఉంది. మొటిమల మచ్చల వైద్యం ఇప్పుడు కాదు, గోడ కుదుటపడ్డాక అజెలాయిక్ యాసిడ్ లాంటివి నెమ్మదిగా మొదలుపెడతారు. పెళ్లయ్యాక వెంటనే పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ట్రెటినోయిన్, అడాపలీన్ క్రీములు ఆపాల్సి ఉంటుంది. ఐసోట్రెటినోయిన్ మాత్రలైతే గర్భిణికి అసలు పనికిరావు, బిడ్డకు అవయవలోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ.

మీ ప్రశ్నలో లేకపోయినా రెండు మాటలు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తక్కువగా ఉంటే సిగ్గుపడకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. అది కుష్ఠు కావచ్చు, మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. అరికాలి కింద కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్లమచ్చను, ఒక్క గోటి కింద వెడల్పవుతున్న నల్లగీతను పుట్టుమచ్చేలే అని వదిలేయొద్దు. మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది.

చివరగా, ఫేషియల్, బ్లీచ్ చేయించుకోవచ్చా అని అడిగారు. బ్లీచ్ వద్దు, అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా ఉంటాయి. పెళ్లికి ముందు వారంలో ఫేషియల్ వద్దు. "పెళ్లి ప్యాకేజీ" అని గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు అంటగడతారు, రంగు కోసం వాటిని నేను ఎవరికీ రాయను. మేకప్ ఆర్టిస్టు వాడబోయే వస్తువులను రెండు వారాల ముందే తెప్పించి, మోచేతి మడతలో వరసగా నాలుగైదు రోజులు రాసి చూడండి. మంగళస్నానం నాడు నలుగు పెడతామంటే పెద్దవాళ్లను నొప్పించక్కర్లేదు. కాళ్లకూ చేతులకూ బాగా పెట్టించుకోండి, ముఖానికి వేలితో తాకించి వెంటనే కడిగేసుకోండి.